7 కరెక్టయితే ఫస్ట్, 9 కరెక్టయితే 17వ ర్యాంకు!

మా అక్క తెనాలి దగ్గర ఓ ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. ఈమధ్య నేను ఇంటికెళ్లినప్పుడు ఓ పని అప్పజెప్పింది. ‘ఒరేయ్, హోంవర్క్ ఇస్తే సగం మంది పక్కవాడి నోట్సు చూసి ఎక్కించేస్తున్నారు. ఫోన్లో క్విజ్ గేములేవో ఉంటాయటగా, ఒకటి చేసిపెట్టు’ అంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ తమ్ముడుంటే అంతే. టీవీ రిమోట్ నుంచి ఏడో తరగతి లెక్కల దాకా అన్నీ వాడి ఖాతాలోనే!

అరగంటలో చేసిచ్చేశాను. భిన్నాల మీద 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 30 సెకన్లు, వెనకాల మ్యూజిక్, చివర్లో ర్యాంకులు. లింకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడింది. ఎప్పుడూ హోంవర్క్ చేయని పిల్లలు కూడా ఆడేశారు. 24 మంది! అక్క మురిసిపోయింది. నేను కాలర్ ఎగరేశాను.

మర్నాడు సాయంత్రం అక్క డల్‌గా ఇంటికొచ్చింది. క్లాసులో లెక్కలు బాగా చేసే ఓ అమ్మాయికి 17వ ర్యాంకు వచ్చింది. ఆ పిల్ల పొద్దున్నే వచ్చి ‘టీచర్, నాకు లెక్కలు రావా?’ అని అడిగిందట.

రిపోర్ట్ తెరిచి చూశాం. ఆ అమ్మాయికి పదికి 9 కరెక్ట్. ఫస్ట్ వచ్చిన అబ్బాయికి 7!

యాప్ తప్పేం లేదు. నేను పెట్టిన సెట్టింగే అంత. ఇలాంటి ఆటల్లో చాలావాటికి స్పీడే ప్రాణం. ఉదాహరణకి, నార్వేలో పుట్టి 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చిన కహూట్ లెక్కే చూడండి. మామూలు ప్రశ్నకి గరిష్ఠంగా 1000 పాయింట్లు. టైము గడిచేకొద్దీ అవి తగ్గుతూ వస్తాయి. చివరి క్షణంలో నొక్కితే కరెక్ట్ ఆన్సర్‌కీ 500లే. అంటే 30 సెకన్ల ప్రశ్నకి మూడో సెకనులో నొక్కినవాడికి 950, ఇరవై ఏడో సెకనులో నొక్కినవాళ్లకి 550. అలా 7 కరెక్ట్ చేసినవాడికి 6650 వస్తే, నిదానంగా 9 చేసిన అమ్మాయికి 4950. ప్రోగ్రామ్‌లో బగ్ లేదు. కానీ అది కొలుస్తున్నది మాత్రం మాక్కావాల్సిన దాన్ని కాదు.

క్లాసులో అందరూ ఒకే స్క్రీన్ చూస్తూ, అరుస్తూ ఆడేటప్పుడు ఈ స్పీడ్ సరదాగానే ఉంటుంది. అదే రూల్ ఇంటికి పంపితే కథ మారిపోతుంది. ఆ అమ్మాయి నాన్న ఆటో నడుపుతారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ రాత్రి తొమ్మిది దాటాకే ఇంటికొస్తుంది. తను ప్రతి లెక్కా కాగితం మీద చేసుకుని, అప్పుడు నొక్కింది. అక్క రోజూ క్లాసులో మొత్తుకుని చెప్పేది కూడా అదే కదా! చెప్పినట్టు చేసిన పిల్లకే నేను 17వ ర్యాంకు ఇచ్చాను.

అలాగని క్విజ్‌లే వద్దనుకోలేదు. చదివిందే మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వల్లే చదువు ఎక్కువకాలం నిలుస్తుంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఓ పాఠాన్ని కొందరు రెండోసారి చదివారు. కొందరు చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత సీన్ రివర్స్! గుర్తు తెచ్చుకున్నవాళ్లకి 56 శాతం గుర్తుంటే, చదివినవాళ్లకి 42 శాతమే. అంటే క్విజ్‌లో పనిచేసేది మ్యూజిక్కో ర్యాంకో కాదు, బుర్ర గీక్కునే ఆ కాసేపే. టైమర్ పెట్టి నేను కోసేసింది సరిగ్గా దాన్నే.

రెండో క్విజ్‌లో మూడు మార్పులు చేశాం. ఒకటి, టైమర్ తీసేశాం, ర్యాంకులు దాచేశాం. కహూట్‌లోనూ, 2015లో మన బెంగళూరులో మొదలై ఇప్పుడు వేగ్రౌండ్‌గా పేరు మార్చుకున్న క్విజిజ్‌లోనూ హోంవర్క్‌గా ఇచ్చేటప్పుడు టైమర్ ఆపేయొచ్చు. రెండు, గడువు ఒక్క రాత్రి కాదు, ఆదివారం దాకా. ఫోన్ ఎప్పుడు దొరికితే అప్పుడే చేయొచ్చు.

మూడోది నాకు బాగా నచ్చింది. తప్పు ఆప్షన్లు ఏవో నోటికొచ్చినవి పెట్టకుండా, పిల్లలు నిజంగా చేసే తప్పులే పెట్టాం. 1/2 + 1/3 ఎంత? పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేస్తే 2/5 వస్తుంది. అదొక ఆప్షన్. ఆఫీసులో మేం టెస్ట్ కేసులు రాసేదీ ఇలాగే, కోడ్ ఎక్కడ తప్పబోతుందో ఊహించి.

రిపోర్ట్‌లో 13 మంది 2/5 నొక్కారు! మర్నాడు అక్క క్లాసులో దోసె బొమ్మ గీసి ఒకటే అడిగింది. ‘సగం దోసెకి ఇంకో ముక్క కలిపితే, సగం కన్నా తక్కువ ఎలా అవుద్దిరా?’ పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారట. ఆ నోట్సులన్నీ దిద్దుతూ కూర్చుంటే ఈ సంగతి దొరకడానికి అక్కకి వారం పట్టేది.

ఫోన్ అసలే దొరకని పిల్లల కోసం ప్లికర్స్ వాడుతున్నాం. ఒక్కో పిల్లకి కోడ్ ముద్రించిన కాగితం కార్డు ఇస్తాం. ఎ, బి, సి, డి.. ఏ వైపు పైకి పట్టుకుంటే అదే జవాబు. టీచరు తన ఫోన్ కెమెరాని క్లాసంతా తిప్పితే చాలు. క్లాసు మొత్తానికి ఒక్క ఫోన్! ఏ ఇద్దరి కార్డూ ఒకేలా ఉండదు కాబట్టి పక్కవాడిది చూసి కాపీ కొట్టడమూ కష్టమే.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. అక్క తనకి రిపోర్ట్ చూపించి, ‘నీకు లెక్కలొచ్చు, మా తమ్ముడికే క్విజ్ పెట్టడం రాలేదు’ అందట. నిజమే, ఒప్పేసుకున్నా. ఇప్పుడు వచ్చే వారం క్విజ్‌కి తప్పు ఆప్షన్లు రాసేది ఆ అమ్మాయే. ‘మా బెంచీలో అందరూ ఇక్కడే తప్పుతారు టీచర్’ అంటూ లిస్టు ఇచ్చింది.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఇలాంటి క్విజ్ ఆడి వస్తే ‘ఎన్నో ర్యాంకు?’ అని అడక్కండి. ‘ఏది తప్పయింది?’ అని అడిగి, పక్కన కూర్చుని ఆ ఒక్క లెక్క చేయించండి.