రాతకు వదిలేయకండి

"రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం." తుపాను కబురు వచ్చిన ప్రతిసారీ తీరంలో ఎవరో ఒకరు అనే మాట ఇది. కళింగపట్నం వాసులారా, ఈసారి ఆ మాట నమ్మి ఇంట్లో ఉండిపోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడితోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ మన ఊరికి ఉత్తరాన తీరం దాటింది. ఏటా మళ్లీ అవే నెలలు.

గాలిని ఆపడం మన వల్ల కాదు, నిజమే. ఆ గాలికి ఎవరు బలవుతారన్నది మాత్రం చాలావరకు ముందురోజు సాయంత్రమే తేలిపోతుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు పది వేల మంది దాకా పోయారు. 1999లో ఒడిశా పెను తుపానుకూ దాదాపు అంతమంది. అదే ఒడిశాను 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తాకింది. లక్షల మందిని ముందే తరలించారు, మృతుల లెక్క పదుల్లోనే ఆగింది. పద్నాలుగేళ్లలో ఒడిశా వాళ్లందరి నుదుటి రాతా మారిపోయిందా?

ఈ రాత వాదం పాతదే. అంతా నియతి, మనిషి ప్రయత్నంతో ఒరిగేదేమీ లేదని ఆజీవకుల గురువు మక్ఖలి గోసాలుడు బుద్ధుడి కాలంలోనే చెప్పాడు. బుద్ధుడు దాన్ని గట్టిగా ఖండించాడు. ఆయన పేరిట వెలసిన స్తూపాలు మనకు దగ్గర్లోనే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఉన్నాయి. ఫొటోలు దిగడానికి మాత్రం వెళ్తుంటాం!

గంగమ్మకు మొక్కొద్దని ఎవరూ అనరు. మొక్కండి, ఆ వెంటనే బోటును పైకి లాగండి. పోయినవాళ్లను రాత ఖాతాలో వేస్తే తుపాను షెల్టరును పాడుపెట్టినవాళ్లను అడిగే నాథుడుండడు. ఆ మాటతో ఎక్కువ లాభపడేది వాళ్లే.

వేటకు వెళ్లొద్దన్న కబురు వస్తే వల ఎంత ఖరీదైనదైనా దాని కోసం సముద్రంలోకి దిగకండి. సముద్రంలో ఉన్నవాళ్లకు కబురు పంపి వెనక్కి పిలిపించండి. ముసలివాళ్లను, బాలింతలను వెలుతురుండగానే తరలించండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి. తలుపు తీయించి, లోపల నీళ్లు, దీపం ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రేపు పొద్దున్నే పంచాయతీ ఆఫీసు ముందు పదిమంది నిలబడండి.