పళ్లెం రెండు తరాల్లో మారింది, రెండు వారాల్లో తిరగదు

శ్రీనాథుడు పల్నాడు వచ్చినప్పుడు ఇక్కడి జొన్నన్నం ఆయనకు మింగుడు పడలేదు. ఆయన పేరు మీద నిలిచిన చాటువుల్లో ఆ చిరాకు ఇప్పటికీ వినిపిస్తుంది. రాజుల విందులు మరిగిన నాలుక మరి. ఇప్పుడు అదే జొన్న పట్నం దుకాణాల్లో రంగురంగుల ప్యాకెట్లలో కూర్చుంది. షుగరు వచ్చినవాళ్లకు డాక్టర్లు దాన్నే తినమంటున్నారు. ఇక్కడి బెల్లంకొండ చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం జొన్నన్నం అంటే ముసలివాళ్ల జ్ఞాపకంగానే మిగిలింది.

ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మెట్ట చేలు మాగాణులయ్యాయి. జొన్న, సజ్జ పండిన చోటికి వరి, పత్తి, మిరప వచ్చాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చేసరికి, పండక్కి మాత్రమే వరన్నం వండుకునే ఇంట్లో రోజూ తెల్లన్నమే ఉడికింది. దీన్ని తప్పు పట్టేవాడికి ఆకలి తెలియదనే అనాలి. కడుపు నిండడం చిన్న విషయం కాదు. అయితే కడుపు నిండాక కూడా పళ్లెం మారుతూనే పోయింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం, నడుమ నాలుగైదు చక్కెర టీలు. పొలానికి నడిచే కాళ్లు బైకెక్కాయి. గానుగ నూనె పోయి ప్యాకెట్ నూనె వచ్చింది.

దాని ఫలితం లెక్కల్లోకి ఎక్కి కూడా చాలా కాలమైంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు దేనితో చనిపోతున్నారో పరిశోధకులు ఇంటింటికీ తిరిగి రాశారు. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పల్లెల్లో జ్వరాలు, విరేచనాలే చంపుతాయన్న పాత నమ్మకం అక్కడితో పోవాల్సింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర నిలబడ్డారు. పెద్దవాళ్లలో మూడో వంతు మందికి పైగా బీపీ ఉంది.

ఈ జబ్బులకు నడక మంచిదంటే, ‘పొద్దస్తమానం పొలంలో వంగి పనిచేసేవాడికి మళ్లీ వాకింగేంటి?’ అని బెల్లంకొండలో ఎవరన్నా అడిగితే ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. మిరపకోతల్లో వంగిన నడుం ఎత్తని ఆడకూలీలకు నడక పాఠం చెప్పడం ఎగతాళే అవుతుంది. వాళ్లకు కావలసింది నీళ్లు, నీడ, నిద్ర, పళ్లెంలో కాస్త పప్పు. రెంటచింతల ఎండలు పేపర్లకెక్కే జిల్లా ఇది, ఇక్కడ వేసవిలో పదిన్నర దాటాక చేలో ఉండడమే ఒక పరీక్ష. కానీ ఆ చేను గలాయన సంగతి వేరు. దున్నడానికి ట్రాక్టరుంది, గట్టు దాకా బైకుంది, కల్లం దగ్గర కుర్చీ ఉంది. శ్రమ ఊళ్లో తగ్గలేదు, కొందరి నడుం మీద నుంచి కొందరి నడుం మీదికి మారింది. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చే ఆరోగ్య ప్రచారం ఇద్దరికీ అక్కరకు రాదు.

ఇక సహజ వైద్యం పేరుతో నడుస్తున్న హడావుడి. నలభై రోజుల్లో షుగరు మాయం, పదిహేను రోజుల్లో పది కిలోలు మాయం అంటూ సెల్‌ఫోన్‌లో వీడియోల వరద. అన్నం పూర్తిగా మానేసి, ఏదో కషాయం తాగి, బీపీ బిళ్ల పక్కన పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందులో నిజంగా ప్రమాదకరమైనది ఆ చివరి పని. చక్కెర మానేసి బెల్లం టీ తాగితే షుగరు పెరగదన్న నమ్మకం కూడా అంతే తప్పు. బెల్లం సహజమైనదే, రక్తంలోకి వెళ్లాక అది చేసే పని మాత్రం చక్కెర చేసేదే. రెండు తరాలుగా మెల్లగా వచ్చిన జబ్బును రెండు వారాల్లో తరిమేస్తామనేవాణ్ని నమ్మకపోవడం మంచిది.

మెల్లగా చేసిన మార్పు పనిచేస్తుందనడానికి మాత్రం గట్టి రుజువులున్నాయి. చెన్నైలో షుగరు గడప మీదున్న 531 మందిని పరిశోధకులు సుమారు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఏ సలహా లేనివాళ్లలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. రోజూ అరగంట చురుగ్గా నడిచి, పిండిపదార్థం, చక్కెర, నూనె కొంత తగ్గించి, పీచు పెంచుకున్నవాళ్లలో అది 39 శాతమే. మెట్‌ఫార్మిన్ బిళ్ల ఇచ్చినవాళ్లలోనూ దాదాపు అంతే తగ్గింది. అంటే ఆ అరగంట నడక, ఆ కొంచెం తగ్గించిన అన్నం ఒక బిళ్లకు సరిసమానంగా పనిచేశాయి. అలా నడిచినవాళ్లేమీ సన్నబడిపోలేదు కూడా. త్రాసు ముల్లు కదల్లేదని నెల తిరక్కుండానే మానేసేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

జొన్న సంగతీ అంతే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 2021లో ప్రచురించిన సమీక్ష, చిరుధాన్యాలు తిన్న షుగరు రోగుల్లో పరగడుపు చక్కెర సగటున 12 శాతం, తిన్నాక చక్కెర 15 శాతం తగ్గిందని లెక్కగట్టింది. అద్భుతమేమీ కాదు, మంచి తగ్గుదలే. రాత్రి పూట అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, పక్కన ఆకుకూర పప్పు అయితే చాలు. మూడు పూటలా జొన్నే తినాలని మొదలుపెట్టిన ఇంట్లో నాలుగో రోజుకే పిల్లలు తిరగబడతారు. రొట్టె కొట్టడం వచ్చిన చేతులు ఇంట్లో ఉండగానే కోడళ్లు, కొడుకులు కూడా నేర్చుకోవడం మేలు. ఆ పని మళ్లీ ఆడవాళ్ల నెత్తినే పడితే ఈ మార్పు ఎన్నాళ్లో నిలవదు.

పల్నాడు పళ్లెంలో అసలు దొంగ ఉప్పు. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి పచ్చడి, చల్లమిరపకాయలు, ఎండుచేప. వీటిని మానమనే డాక్టరు మాట ఈ నేల మీద చెల్లదు, చెల్లాల్సిన పని కూడా లేదు. రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఊరగాయతో అన్నం కలుపుకునే ఇంట్లో అది ఏ పూటకో దాటిపోతుంది. జాడీ ఊరగాయ రోజూ కాక వారానికి రెండు రోజులకు కుదించి, మిగతా రోజుల్లో ఉప్పు తక్కువేసి అప్పటికప్పుడు రోటి పచ్చడి నూరుకుంటే కారం ఎక్కడికీ పోదు. మజ్జిగలో ఉప్పుకు బదులు అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసుకున్నా రుచికి లోటుండదు.

ఇందులోనూ మనవాళ్ల నుంచే రుజువుంది. తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో 7 పల్లెల్లో బీపీ ఉన్న 502 మందితో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి మామూలు ఉప్పు, కొందరికి సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. మూడు నెలల్లో రెండో గుంపులో బీపీ పై అంకె 4.6 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. వంట మారలేదు, వండే మనిషి మారలేదు, ఉప్పు డబ్బా ఒక్కటే మారింది. చైనాలో 600 పల్లెల్లో ఇలాంటి ఉప్పే దాదాపు ఐదేళ్లు వాడితే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఈ ఉప్పు ముట్టుకోకూడదు. ఇంత చవకైన సాధనం రేషన్ షాపు మెట్లెక్కకపోవడానికి కారణమేంటో ప్రభుత్వమే చెప్పాలి.

ఏ అలవాటు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఊళ్లో క్యాలెండరు చూసి కాక పంట చూసి తేల్చుకోవాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతలు, కల్లాల్లో ఆరబోతలు, గుంటూరు యార్డు దాకా పరుగులు. ఆ రోజుల్లో కొత్త నియమాలు పెట్టుకుంటే వారంలో చెదిరిపోతాయి. అప్పుడు వేళకు తినడం, నీళ్లు తాగడం, బిళ్ల మరవకపోవడం, ఇవి నిలబెట్టుకుంటే అదే ఘనత. కాయ అమ్ముడై చేతికి కాస్త తీరిక చిక్కే మే, జూన్ నెలలే కొత్త అలవాటుకు మంచి అదును. తెల్లవారుజామున ఐదింటికి నడక, అదీ ఒక్కటే. అది కుదురుకున్నాక రాత్రి రొట్టె. ఆ తర్వాత ఉప్పు. చుట్ట, గుట్కా మానడం మాత్రం ఏ అదునూ చూసుకోనక్కర్లేని పని.

మందుల చేల నడుమ బతికే ఊరికి ఇంకొక చిక్కుంది. మిరపకు కొట్టే పురుగుమందు కొట్టేవాడి ఒంటికీ తగులుతుంది. పురుగుమందు లేని ప్రకృతి సేద్యంలో ఆంధ్రప్రదేశ్ చేసిన పనికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. అమ్మే మిరప మొత్తాన్ని ఈ సేద్యానికి మార్చే ధైర్యం అందరికీ రాకపోవచ్చు. ఇంటి వెనక నాలుగు సెంట్లలో తోటకూర, గోంగూర, బీర, చిక్కుడు మందు లేకుండా పెంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మనిషి మారాలని పాఠాలు చెప్పే ప్రభుత్వం తన వంతూ చేయాలి. ఫ్యామిలీ డాక్టర్ పథకం 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైంది ఈ పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. డాక్టరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది దాని ఉద్దేశం. పాలన మారితే పథకం పేరు మారొచ్చు, ఆ రాకపోకలు ఆగకూడదు. వచ్చిన డాక్టరు బీపీ చూసి బిళ్లలిచ్చి వెళ్లిపోకుండా, ఈ నెల మార్చుకోవాల్సిన ఒక్క అలవాటును చీటీ మీద రాసివ్వాలి, వచ్చే నెల దాని గురించి అడగాలి. 2023 మార్చి నుంచి బడి పిల్లలకు రాగిజావ పోశారు. బళ్లో అలవాటైన రుచి ఇంట్లోనూ నిలవాలంటే రేషన్ సంచిలో బియ్యంతో పాటు కుటుంబానికి రెండు కిలోల జొన్నలో, రాగులో చేర్చాలి. అవి పల్నాటి మెట్ట రైతు దగ్గరే మద్దతు ధరకు కొంటే అతనికీ మిరప ధర మీద కాస్త బెంగ తగ్గుతుంది.