ఆయాసం తగ్గితే ఉబ్బసం పోయినట్టా?



గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఉబ్బసం మీద వచ్చిన వ్యాసం చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఉబ్బసమంటే గాలిగొట్టాలు బిగుసుకోవడమేనట. ఆయాసం వస్తే పంపు పీల్చి, తగ్గగానే దాన్ని అటకెక్కించాలట. రోజూ వాడితే అలవాటైపోతుందట! బిగుసుకోవడం వరకు నిజమే. ఎందుకు బిగుసుకుంటున్నాయో మాత్రం వ్యాసకర్త అడగనే లేదు. చాలామంది రోగుల్లో దుమ్మో పుప్పొడో తగలగానే గొట్టం లోపలి పొర సైటోకైన్లనే ప్రొటీన్లతో కబురు పంపుతుంది. టీఎస్‌ఎల్‌పీ అనేది వాటిలో ఆ పొర పెట్టే తొలికేక. ఆపైన ఇంటర్‌ల్యూకిన్-5 ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలను రప్పించి బతికిస్తుంది, ఇంటర్‌ల్యూకిన్-13 కళ్లె ఊరించే కణాలను పెంచుతుంది. పిల్లికూతలు వినిపించని రోజుల్లోనూ ఇలా మొదలైన వాపు లోలోపల సాగవచ్చు. ఏళ్ల తరబడి సాగితే పొర అడుగున కొల్లాజెన్ పేరుకుంటుంది, చుట్టూ ఉన్న కండరం మందమెక్కుతుంది. గొట్టం వ్యాసార్ధం సగానికి పడితే గాలికి అడ్డు లెక్క ప్రకారం 16 రెట్లు! నీలం పంపులోని సాల్బుటమాల్ ఆ కండరాన్ని కొన్ని గంటలు సడలిస్తుంది. వాపు జోలికి పోదు.

ఈ ప్రొటీన్ల కథంతా ప్రయోగశాల ముచ్చటే అని కొందరు కొట్టిపారేయవచ్చు. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మందు ఇసినోఫిల్స్‌ను తగ్గించింది కానీ గాలిగొట్టాల తీరు మారలేదు, అదీ నిజమే. అయితే 2009లో ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి జబ్బు పదేపదే తిరగబెట్టేవాళ్లను ఏరి ఇస్తే దాడులు తగ్గాయి. మందు అదే కోవది, మారింది రోగుల ఎంపిక. 2015లో ఆ కోవ ఇంజెక్షన్ మెపోలిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ ఖరీదైన ఇంజెక్షన్లు అందరికీ అక్కర్లేదు, ఎక్కువమందికి పీల్చే స్టెరాయిడే ఈ కబుర్ల నోరు నొక్కుతుంది. అందుకే పన్నెండేళ్లు, ఆపై వయసువారికి సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు రాసే ‘జినా’ 2019లోనే చెప్పింది. మీ వ్యాసకర్తకు ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

స్టెరాయిడ్ అనగానే భయపెట్టడం మరో వేడుక. ప్రెడ్నిసోలోన్ చిన్న మాత్రలో 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. బుడెసొనైడ్ పంపు ఒక్కసారి పీలిస్తే వచ్చేది సాధారణంగా 100, 200 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు, నిజమే. కానీ మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది, పీల్చినది చాలావరకు గాలిగొట్టాల్లోనే పనిచేస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. పనికొచ్చే ఆ ఒక్క ముక్క వ్యాసంలో లేదు! ఏటా మృగశిర కార్తెకు ఉబ్బసానికని పంచే చేప మందు క్యూ ఫొటోకు సగం పేజీ కేటాయిస్తారు కదా, మింగిన కొరమీను వాపు తగ్గిస్తుందని ఏ పరీక్ష తేల్చిందని అడిగే ఒక్క వాక్యానికి చోటుండదా?

సవరణ వేసేట్టయితే లోపలి పేజీ మూలన కాకుండా అదే ఆరోగ్యం పేజీలో, అంతే లావు అక్షరాల్లో వేయండి. పంపు అటకెక్కించినవాళ్ల కంట పడాలి కదా.

ఇట్లు,
మీ పాఠకుడు, హనుమకొండ