బోలుగోడకు బరువు వ్రేలాడదీయుట

గడచిన సంక్రాంతి సెలవులలో మేము హైదరాబాదులోని మా చెల్లెలి యింటికి పోయియుంటిమి. అది అయిదవ అంతస్తులోని వాటా. వంటయింటికిని పడకగదికిని నడుమనున్న గోడ యిటుకలది గాదు. సన్నని యినుపరేకు ఛానెళ్లను నిలువున నిలిపి, ఇరుప్రక్కల జిప్సంబోర్డులు బిగించి, రంగు పూసినది. చూచుటకు గట్టిగోడవలెనే యుండును. వ్రేలితో తట్టినచో డప్పువలె మ్రోగును. ఆ గోడకు మా చెల్లెలు రెండడుగుల యెత్తును, ఒక యడుగు లోతును గల అలమార నొకదానిని వేయించుకొని, అందు అత్తగారిచ్చిన యిత్తడిగిన్నెలు, ఊరగాయజాడీలు, పప్పుడబ్బాలు సర్దుకొన్నది.

"అక్కయ్యా! మూడునెలలు ఈ తలుపు చక్కగా పడేది. ఇప్పుడు రాసుకొంటున్నది" అని యామె మాతో ననెను. చూడగా, అలమార నెత్తియొద్ద గోడకును చెక్కకును నడుమ మా చేతి గోరు దూరునంత సందు కలదు. బిగించిన పనివాడు "పదేళ్లయినా కదలదమ్మా" అని చెప్పి పోయెనట. మరదిగారును ఆ మాటనే నమ్మి, చెల్లెలి యనుమానమును పిరికితనముగా నెంచిరట. సరిగా దాని క్రిందనే రెండేండ్ల పిల్లవాడు గరిటెలతో నాడుకొనుచుండుట చూచి మాకు గుండె ఝల్లుమన్నది. వానిని అవతలి గదికి పంపి, సామాను దింప నారంభించితిమి. కడపటి జాడీ దింపి, మే మిద్దరమును అడుగున చేతులుంచి కొంచెమెత్తితిమో లేదో, మేకులతో గూడ అలమార మా చేతులలోనికి వచ్చినది! రంధ్రములనుండి తెల్లని పొడి జలజల రాలినది. సామాను తూచగా 44 కిలోలు. ఒట్టి అలమార 20 కిలోలు.

వాడు వేసినవి ప్లాస్టిక్కు ప్లగ్గులు. ఇటుకగోడలో నట్టి ప్లగ్గు, మరమేకు దూరగానే ఉబ్బి, నలువైపుల నదిమి పట్టుకొనును. జిప్సంబోర్డు మందము అరంగుళము మాత్రమే. రెండు కాగితముల నడుమ పెళుసైన ముద్ద. దాని వెనుక శూన్యము. అదిమి పట్టుకొనుటకు చోటేది? పైగా, బరువు క్రిందికి మాత్రమే లాగుననుకొనుట పొరపాటు. మావారు బడిపిల్లలకు చెప్పు తులాదండపు పాఠమే యిక్కడను పనిచేయును. అలమార అడుగంచు గోడ నానుకొని యుండగా, నెత్తి ముందుకు వాలజూచును. పై కొలతలకు, 64 కిలోల బరువు పైమేకులను సుమారు 16 కిలోల బలముతో బయటికి పెరుకుచుండును. జాడీలను తలుపుదగ్గరకు జరిపిన నింకను హెచ్చు. ఈ లాగుడు రాత్రింబవళ్లు నుండునది గనుక, మూడునెలలు నిలిచినది నాలుగవనెల నిలుచునని నమ్మరాదు.

ఇట్టి గోడలున్న యిండ్ల కాపురముండు సోదరీమణులు ముందుగా లోపలి యెముకలెక్కడనున్నవో కనుగొనవలెను. అయస్కాంతమును గోడపై మెల్లగా జరిపినచో, బోర్డును ఛానెలుకు పట్టించిన మరమేకుల తలలయొద్ద అంటుకొనును. అవి యే నిలువు వరుసలో దొరకునో అదియే ఛానెలు. తరచుగా రెండడుగుల కొకటి యుండును. స్విచ్చులకు నేరుగా పైనను క్రిందను విద్యుత్తుతీగెలుండవచ్చును గనుక అచ్చట రంధ్రము చేయరాదు.

అయితే ఆ పలుచని రేకు ఒక్కటియే ఇంత బరువునకు చాలదు. కావున మేము వడ్రంగిచే అలమార పట్టు మేర బోర్డును కోయించి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలకను ఒక ఛానెలునుండి మరియొక ఛానెలువరకు బిగింపించి, దానిపై మరల బోర్డు మూయించితిమి. పిమ్మట అలమార పైభాగమునను క్రిందిభాగమునను పొడుగు మరమేకులు ఆ ప్లైవుడ్డులోనికి దిగునట్లు వేయించితిమి. జాడీలను మాత్రము నేలమీది అలమారలోనికి మార్చితిమి. బోర్డు వెనుక రెక్కలు విచ్చుకొను మరమేకులు కూడ అంగళ్లలో దొరకును. అవి పటములకును తేలికపాటి అరలకును మేలేగాని, పప్పుడబ్బాల అలమారకు గాదు.

అమెరికాలో కాపురమున్న మా మేనకోడలి యింట గోడలన్నియు నిట్టివే. కాని యచ్చట రేకునకు బదులు నిలువుకొయ్యలు, తరచుగా 16 అంగుళముల కొకటి, యుండును. రెండున్నర అంగుళముల గట్టి మరమేకులు కొయ్య నడిమికి దిగిన చాలును.

పనివాడు వచ్చిననాడు, ఆ యలమారలో నేమేమి పెట్టుదురో, ఎంత తూగునో గృహిణియే చెప్పవలెను. ఇంట మరెవ్వరికి తెలియును? మా చెల్లెలు ఈసారి చీటీ వ్రాసియిచ్చినది. తలుపు రాసుకొనుచున్నదా యని మరదిగారు ఇప్పుడు వారమువారము తామే చూచుచున్నారట.