ఉమ్మడి కుళాయి, ఒక రోగి

సూరత్ నగరంలోని కతర్‌గామ్ మరమగ్గాలకూ, వజ్రాల సానపట్టు పనికీ పేరుపడిన పేట. పొట్ట చేతబట్టుకొని వచ్చిన శ్రామికులకు ఇటువంటి పేటలలో వరుస గదులే ఆశ్రయం. ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి పలు కుటుంబాలకు ఉమ్మడి. తెలంగాణ నుండి సూరత్ చేరిన నేతపనివారికీ ఈ జీవితం పరిచితమే.

అట్టి వరుసలో ఒక వృద్ధుడు నానాటికీ క్షీణిస్తున్నాడనుకుందాం. దగ్గు వదలదు. నడక తడబడి మరుగుదొడ్డిలో ఎక్కువసేపు గడుపుతాడు. ఒక్కొక్కప్పుడు నేల పాడవుతుంది. అతడు కుళాయి ముట్టరాదని కొందరు, గది ఖాళీ చేయించాలని మరికొందరు పట్టుబడతారు. ఇంటి యజమాని కర్తవ్యమేమిటి?

మొదట భయాన్నీ, అసౌకర్యాన్నీ వేరుచేయాలి. రెండు వారాలు మించిన దగ్గుకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కఫపరీక్ష ఉచితం. క్షయ అని తేలితే మందులూ ఉచితమే. చికిత్స సాధారణంగా ఆరు నెలలు. ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా సోకుతుందే గాని కుళాయి వలన, పళ్ళెం వలన అంటదు. కుళాయి వద్ద కాపలా ఉంచి కిటికీ మూసుకోవడం తప్పు తలుపుకు గడియ పెట్టడమే. విరేచనాల వ్యాధి అయితే వేరు. అప్పుడు సబ్బు, నీరు, దొడ్డి శుభ్రత ముఖ్యం.

అసౌకర్యానికి ఉపాయాలు స్వల్పమైనవే. గోడకు పట్టుకొనే కడ్డీ, రాత్రి దీపం, జారని నేల. గదిలో వాడుకొనేందుకు ఒక మలపాత్ర. శుభ్రపరచే పనికి అందరూ ఒప్పుకొన్న వంతు. పదిమంది ఎదుట నిలదీయక, "తాతా, రాత్రివేళ మెట్టు దిగడం కష్టంగా ఉందా?" అని ఏకాంతంగా అడిగితే అతడే దారి చెప్పవచ్చు.

గుజరాత్‌కు వర్తించిన 1947 నాటి బొంబాయి అద్దె చట్టం 24వ సెక్షన్, సరియైన కారణం లేక అత్యవసర సదుపాయాలను యజమాని నిలిపివేయరాదని నిర్దేశించింది. చట్టం మాట అటుంచినా, వెళ్ళగొట్టబడిన రోగి మందులు మధ్యలో మానవచ్చు; మానితే వ్యాధి మొండికెత్తి మరొక వరుస గదులలో తలయెత్తుతుంది. వెళ్ళగొడతారన్న భయముంటే తరువాతి రోగి దగ్గును దాచుకుంటాడు.

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు సూరత్ విడిచి పారిపోయారు. తరువాత ఆ నగరానికి మంచిపేరు తెచ్చినది పారిశుద్ధ్యమే. నగరానికి పనికివచ్చిన పాఠం ఒక ఉమ్మడి లోగిలికీ పనికివస్తుంది: మనిషిని తొలగించినంత మాత్రాన ఇల్లు శుభ్రపడదు.