శాతం సరే.. ఎంతమందిలో?

డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ఒకే సంస్థ నడిపే పాఠశాలల ఫలితాల పట్టిక మీ ముందు పెట్టి, 'వీటిలో ఏది మెరుగు?' అని అడిగారు. పెద్ద అంకె మీద వేలు పెట్టేస్తారా? కాస్త ఆగండి.

అమెరికా నగరాల్లో చార్టర్ స్కూళ్లని ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడుస్తాయి, ఫీజు ఉండదు, నిర్వహణ మాత్రం స్వతంత్ర సంస్థలది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. కొన్ని సంస్థల కింద పదుల కొద్దీ బడులుంటాయి. బోర్డు మీద పేరు ఒకటే అయినా ఫలితాలు బడికో తీరు. అక్కడ మొదలవుతుంది పోలిక.

న్యూయార్క్‌లోని సక్సెస్ అకాడమీనే తీసుకోండి. 2006లో హార్లెంలో మొదలైంది. 2018లో తొలి బ్యాచ్ హైస్కూలు పూర్తి చేసింది. 16 మంది.. అందరికీ కాలేజీ సీట్లొచ్చాయి. నూటికి నూరన్నమాట! కానీ ఒకటో తరగతిలో ఆ బ్యాచ్ 73 మంది. మిగతావాళ్లు ఫెయిలయ్యారని కాదు. బడి మారినవాళ్లున్నారు, వెనకబడి కింది తరగతిలో ఉండిపోయినవాళ్లున్నారు. పైగా నాలుగో తరగతి దాటాక ఖాళీ అయిన సీట్లలో కొత్తవాళ్లను తీసుకోకపోవడం అప్పట్లో ఆ సంస్థ పద్ధతి. ఏడో తరగతిలో కూడా కొత్త పిల్లల్ని చేర్చుకునే బడిని దీని పక్కన పెట్టి చూడటం న్యాయమేనా?

కిప్ సంస్థ కథ వేరు. 1994లో హ్యూస్టన్‌లో మైక్ ఫైన్‌బర్గ్, డేవ్ లెవిన్ అనే ఇద్దరు కుర్ర టీచర్లు మొదలుపెట్టారు. తమ పాత విద్యార్థుల్లో నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేసింది 33 శాతమేనని 2011లో సంస్థే నివేదిక ఇచ్చింది. హైస్కూలు దాటినవాళ్లనే లెక్కేసుకుంటే అంకె పెరిగేది. వాళ్లు ఎనిమిదో తరగతి పూర్తి చేసిన అందరినీ హారంలో ఉంచారు. పేద కుటుంబాల పిల్లల్లో ఇది అప్పట్లో సుమారు 8 శాతమే కాబట్టి, 33 చిన్నదేం కాదు. ఇందులోనూ మెలిక లేకపోలేదు. ఐదులో చేరి ఎనిమిదికి ముందే వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలో లేరు.

అందుకే పరిశోధకులు వీలున్నచోట లాటరీలో సీటు వచ్చిన పిల్లల్ని, రానివాళ్లతో పోల్చి చూస్తారు. దరఖాస్తు పెట్టినవాళ్లే ఇద్దరూ, తేడా అదృష్టానిది మాత్రమే.

ఈ గొడవంతా మనకెందుకంటారా? మీ కాలేజీ ఫ్లెక్సీ మీద '90 శాతం ప్లేస్‌మెంట్స్' అని ఉంటే, హారంలో బ్యాచ్ మొత్తం ఉందా, బ్యాక్‌లాగ్స్ లేనివాళ్లేనా? ఒకరికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేశారా? ప్లేస్‌మెంట్ సెల్‌లో ఒకసారి అడిగి చూడండి.

ఇక ఆ ఇంటర్వ్యూ సంగతి. పట్టిక చూసి మీరు అడగాల్సింది ఇంతే: 'సర్, మొదట్లో ఎంతమంది చేరారో ఆ వరస ఇందులో లేదేంటండీ?'