ఇల్లు ఎంతుండాలి?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జే షేఫర్ అనే ఆయన 1990ల చివర్లో సుమారు వంద చదరపు అడుగుల ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. అక్కడి భవన నిబంధనలు ఒప్పుకోలేదు. ఇల్లంటే కనీసం ఇంత ఉండాలని ఒక లెక్క ఉండేది, ఆ లెక్కకు ఇది చాలలేదు. దాంతో ఆయన చక్రాలున్న ట్రెయిలర్ మీద ఇల్లు కట్టారు. చట్టం దృష్టిలో అది ఇల్లు కాదు, బండి. తర్వాత ఆయన పెట్టిన టంబుల్‌వీడ్ సంస్థ అలాంటి ఇళ్ల ప్లాన్లను జనంలోకి తీసుకెళ్లింది. ఈ రోజు ‘టైనీ హౌస్’ ఉద్యమం అంటున్నదానికి దారి వేసినవారిలో షేఫర్ ఒకరు.

అప్పటికి అమెరికాలో ఇళ్లు ఏటికేడు ఉబ్బుతున్నాయి. 1973లో అక్కడ కొత్తగా కట్టిన విడి ఇంటి సగటు వైశాల్యం 1,660 చదరపు అడుగులు. 2015కి అది 2,687కు చేరింది. ఇదే కాలంలో ఇంట్లో ఉండే మనుషులు సగటున ముగ్గురి నుంచి రెండున్నరకు తగ్గారు. మనుషులు తగ్గుతుంటే గదులు పెరిగాయి. గదులతో పాటు వాటిని నింపే సామాను, చల్లబరిచే కరెంటు, తీర్చాల్సిన అప్పు పెరిగాయి. 2008 ఆర్థిక సంక్షోభంలో లక్షల కుటుంబాలు వాయిదాలు కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్నాక, బుల్లి ఇళ్ల మాట చాలామంది చెవికెక్కింది. నిబంధనలు కూడా కదిలాయి. 2018 నాటి అంతర్జాతీయ నివాస భవనాల కోడ్‌లో, 400 చదరపు అడుగులు మించని ఇళ్ల కోసం ప్రత్యేకంగా ఒక అనుబంధం చేర్చారు. పైకప్పు ఎత్తు ఎంత, అటక మీద పడక ఎలా, నిచ్చెన ఎలా ఉండాలి వంటివన్నీ అందులో ఉన్నాయి.

ఆ ఉద్యమంలో అందరికీ తెలిసిన మరో పేరు డీ విలియమ్స్. గుండె జబ్బు బయటపడ్డాక ఆమె పోర్ట్‌లాండ్‌లోని తన ఇల్లు అమ్మేసి, 84 చదరపు అడుగుల ఇల్లు స్వయంగా కట్టుకున్నారు. దాన్ని వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాకు తరలించి, స్నేహితుల పెరట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి ఉన్నారు. ఆ జీవితం గురించి 2014లో పుస్తకం రాశారు. ఇంట్లో కుళాయి లేదు. స్నానానికి స్నేహితుల ఇల్లు ఉండేది. అప్పు లేదు, ఇంటి చాకిరీ లేదు, మనుషుల కోసం తీరిక దొరికింది.

ఇదే కొలత హాంకాంగ్‌లోనూ కనిపిస్తుంది. అక్కడ ఒక ఫ్లాటును ముక్కలు ముక్కలుగా విడదీసి అద్దెకిచ్చే గదుల్లో రెండు లక్షల మందికి పైగా బతుకుతున్నారు. మంచాన్ని ఆనుకుని పొయ్యి, పొయ్యిని ఆనుకుని మరుగుదొడ్డి. కొన్ని గదులకు కిటికీ కూడా ఉండదు. అలాంటి గది కనీసం 8 చదరపు మీటర్లు ఉండాలని, కిటికీ, విడి మరుగుదొడ్డి తప్పనిసరని 2024 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. 8 చదరపు మీటర్లంటే సుమారు 86 చదరపు అడుగులు.

ఒలింపియాలో 84 అడుగులు ఒకరికి స్వేచ్ఛనిచ్చాయి. హాంకాంగ్‌లో 86 అడుగులు సర్కారు గీయాల్సి వచ్చిన కనీస గీత. రెండింటి మధ్య తేడా గోడల అవతల ఉంది. విలియమ్స్‌కు పెరడు ఉంది, తలుపు తట్టగానే తీసే స్నేహితులున్నారు, వద్దనుకుంటే ఇంకో ఇంటికి మారే వీలుంది. హాంకాంగ్ గదిలో ఉన్న కుటుంబానికి ఆ మూడూ లేవు. చిన్న ఇంట్లో సుఖం దాని చుట్టూ ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ సంగతి పక్కన పెట్టి చిన్న ఇళ్లను పొగిడినా, తెగిడినా పొరపాటే.

తెలుగు నేలకు ఇది కొత్త కాదు. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు చూసినవారికి తెలుస్తుంది. గుండ్రటి మట్టిగోడలు, దాదాపు నేలకు వంగిన తాటాకు చూరు. తుపాను గాలి ఢీకొట్టడానికి నిటారు గోడ దొరకదు, గాలి చుట్టూ జారిపోతుంది. లోపల చోటు తక్కువే. వంటకు, గింజలు దాచుకోవడానికి, వాన రాత్రి తలదాచుకోవడానికి అది చాలేది. మిగతా బతుకంతా వాకిట్లో, అరుగు మీద, చెట్టు కింద నులక మంచం మీద సాగేది. అందులో కష్టమూ ఉంది. నిప్పురవ్వ పడితే పేట మొత్తం బూడిదయ్యేది. నీళ్లు మోసే బరువు ఆడవాళ్లది. ఊళ్లో అరుగులు ఎక్కే వీలు అన్ని కులాలకూ ఉండేది కాదు. ఆ అన్యాయాన్ని తిరిగి తెచ్చుకోనక్కర్లేదు. బయటి జాగా కలిస్తేనే చిన్న ఇల్లు ఇల్లవుతుందన్న తెలివిని మాత్రం వదులుకోకూడదు.

ఇప్పుడు వదులుకుంటున్నది సరిగ్గా దాన్నే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ఇంటికి కనీస వైశాల్యం, వంట చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో ఫ్లాట్లను 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టారు. అక్కడ 2020 చివర్లో మొదలుపెట్టి పేదలకు పంచిన స్థలాలు పట్టణాల్లో ఒక సెంటు, అంటే 48.4 గజాలు, పల్లెల్లో సెంటున్నర. తెలంగాణలో గతంలో కట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ఇప్పుడు ఇందిరమ్మ పథకంలో ఇంటిని 5 లక్షల రూపాయల సాయంతో 400 నుంచి 600 అడుగుల మధ్య కట్టుకోవాలి. ఈ లెక్కలన్నీ గోడల లోపలి చోటువే, బయటి జాగా గురించి కావు.

మూడు వందల అడుగులు ఇవ్వడమే అవమానం అనలేం. 2005లో కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరాన్ని ఊడ్చేశాక, నిరాశ్రయులకు ప్రభుత్వం ఇస్తున్న ట్రెయిలర్లకు బదులుగా మేరియాన్ కుసాటో అనే డిజైనర్ ఒక ఇల్లు గీశారు. దాని వైశాల్యం 308 చదరపు అడుగులు. అంత చిన్న ఇంటికీ ఆమె ముందు వసారా పెట్టారు. వచ్చేపోయేవారిని పలకరించడానికి, సాయంత్రం కాసేపు కూర్చోవడానికి చోటు మిగిలింది. ఆ మరుసటి ఏడాదే జనం ఓట్లతో ఇచ్చే జాతీయ డిజైన్ అవార్డు దానికి దక్కింది.

టిడ్కో కాలనీల్లో లోటు ఇక్కడే. గోడలు లేచి ఏళ్లు గడిచినా రోడ్డు, నీళ్లు, మురుగు కాలువలు పూర్తికాక, కేటాయించిన ఇళ్లలో జనం చేరలేకపోయారన్న వార్తలు పత్రికల్లో ఎన్నో వచ్చాయి. చేరినవారికి ఇంకో రకం చిక్కులు. మూడో అంతస్తులో ఇల్లొచ్చిన కూరగాయల వ్యాపారి తోపుడుబండి ఎక్కడ పెట్టుకోవాలి? కుట్టుమిషను మీద బతికే మహిళకు గిరాకీ మెట్లెక్కి వస్తుందా? తడిబట్టలకు దండెం ఎక్కడ కట్టాలి? పేదవాడికి ఇల్లు నిద్రకు మాత్రమే పనికొచ్చేది కాదు, అదే అతని కొట్టు, గోదాము, పనిశాల. ఆ పనులకు చోటివ్వని కాలనీలో ఎన్ని అడుగుల ఇల్లిచ్చినా ఇరుకే అవుతుంది.

చిన్న ఇంటిని శ్రద్ధగా కట్టడం ఎలాగో మన దక్షిణాదిలోనే ఒకాయన చేసి చూపించారు. ఇంగ్లండ్‌లో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్, తిరువనంతపురంలో పేదల కోసం, మధ్యతరగతి కోసం వందల ఇళ్లు కట్టారు. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిని ప్రచారం చేశారు. ఇటుకల్లో పాతిక శాతం దాకా ఆదా, లోపల వేడి తక్కువ. స్లాబులో కాంక్రీటు పెద్దగా అవసరం లేని చోట పాత మంగళూరు పెంకులు పెట్టేవారు. కిటికీ అంచే కూర్చునే తిన్నె అయ్యేది, జాలీ గోడ గుండా గాలి ఆడేది. 1985లో మాజీ ముఖ్యమంత్రి అచ్యుతమేనన్, ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్‌లతో కలిసి ఆయన నిలబెట్టిన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఈ పద్ధతులను ఇంకా కొనసాగిస్తోంది.

తక్కువ చోటులో సర్దుకోవడం పేదలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ మాట వినాల్సింది మధ్యతరగతి. కృష్ణా, గుంటూరు, గోదావరి పల్లెల్లో పిల్లలు అమెరికాలో ఉంటే, ఇక్కడ రెండంతస్తుల ఇంట్లో ముసలి తల్లిదండ్రులు కింద ఒక్క గదిలో గడుపుతూ, మిగతా గదులకు తాళం వేసుకోవడం అరుదైన దృశ్యమేమీ కాదు. నగరంలో ఉద్యోగం చేసే జంటకు చుట్టాల కోసమని మూడో పడగ్గది. ఏడాదిలో పది రోజులు కూడా వాడని ఆ గది ఖరీదు లెక్కవేయాలి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 50 లక్షలు అప్పు తీసుకుంటే నెల వాయిదా సుమారు 43,400 రూపాయలు. 35 లక్షలతో సరిపెట్టుకుంటే అది 30,400 దగ్గర ఆగుతుంది. నెలకు 13 వేలు, ఇరవై ఏళ్లకు 31 లక్షలు. ఆ డబ్బుతో పిల్లల చదువు సాగుతుంది, నచ్చని ఉద్యోగం మానే ధైర్యం వస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. నీళ్లు, రోడ్డు, మురుగు కాలువ, బస్సు సిద్ధమయ్యాకే తాళాలు ఇవ్వాలి. ప్రతి బ్లాకు కింది అంతస్తులో కొంత భాగాన్ని చిన్న దుకాణాలకు, కుట్టుమిషన్లకు, పిల్లలు చదువుకునే గదికి వదలాలి. మెట్లెక్కలేని వృద్ధులకు, వికలాంగులకు కింది ఇళ్లే కేటాయించాలి. తెలంగాణలో మండల కేంద్రాల్లో ఇందిరమ్మ నమూనా ఇళ్లు కట్టి చూపించడం మంచి ఆలోచన. ఆ నమూనాలో ఎదురెదురు కిటికీలు, అటక, గోడ గూళ్లు, ముందు వసారా ఉండాలి. ర్యాట్ ట్రాప్ గోడ కట్టడం స్థానిక తాపీమేస్త్రీలకు అక్కడే నేర్పాలి. ప్లాను ఖాయం చేసే ముందు పొయ్యి ఎటు, కుళాయి ఎటు అని ఆ ఇంట్లో వంట చేయబోయే మహిళలను గ్రామసభలో అడగాలి. వచ్చే విడత ఇళ్ల మంజూరుకు ముందే ఈ మార్పులు ఉత్తర్వుల రూపంలో రావాలి.